చిట్టీ, ఆ బండి కదపకు

చిట్టీ,

పొద్దున ఫోన్లో "ఆదివారం దాకా బండి కదపొద్దు" అని కోప్పడ్డాను కదా. ఎందుకో చెప్పడానికి గొంతు రాలేదు. అందుకే రాస్తున్నాను.

మీ అమ్మ మొన్న రాత్రి ఫోన్ చేసి ఒకటే టెన్షన్. "అన్నయ్యా, ఇది పాత ఆల్టో కొంది, రిపేర్లు కూడా తనే చేసుకుంటుందట, పానాల డబ్బా తెప్పించింది" అని. మంచిదేగా అన్నాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యకి రెండుసార్లు చెప్పాను ఆ మాట. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు కార్ల కింద పడుకున్నవాణ్ణి, నా కొడుకులిద్దరూ ఆ జిడ్డు వైపు తొంగి చూడలేదు. నువ్వు ఆరేళ్లదానివి సెలవులకొచ్చి, షెడ్డులో నా కాళ్ల దగ్గర కూర్చుని, "పది-పదకొండు" అంటే పది-పదకొండు పానాయే చేతిలో పెట్టేదానివి. ఒక్కటి మాత్రం ఎదురుగా ఉన్న మురిక్కాలవలో పడేశావు. ఆ సంగతి తర్వాత.

నువ్వు పంపిన చప్పుడు నాలుగుసార్లు విన్నాను. ఫోన్లో ఏ చప్పుడైనా గ్రైండర్లో పప్పు పడ్డట్టే ఉంటుంది. ఎలా ఉందో కాదు, ఇన్నాళ్లూ ఎప్పుడు వచ్చేదో గుర్తు తెచ్చుకుని రాయి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, ఇంజన్ వేడెక్కాకా? బండి ఆగి ఉన్నప్పుడు ఎక్సలేటర్ తొక్కితే చప్పుడు పెరుగుతోందంటే ఇంజన్‌ది. బండి కదిలితేనే వచ్చి, వేగంతోపాటు పెరుగుతోందంటే చక్రాల వైపుది. సగం పని అక్కడే అయిపోతుంది.

పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకమంటోందన్నావు. అది డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింటే అయ్యుంటుంది. ముందు చక్రం వెనక ఆ జాయింటుని కప్పే రబ్బరు బూటు చినిగిందేమో చూడు. చినిగితే గ్రీజు చక్రం లోపలంతా నల్లగా చిమ్మి ఉంటుంది. స్టార్ట్ చెయ్యగానే కీచుమని కాసేపటికి ఆగితే బెల్టు. వేగం పెరిగేకొద్దీ హూమ్మని విమానం మోతలా పెరిగితే చక్రం బేరింగు. క్లచ్ తొక్కినప్పుడే వస్తే క్లచ్ బేరింగు, దానికి గేర్‌బాక్సు దింపాలి, నీ వల్ల కాదు, నాకు కూడా ఇప్పుడు నడుం సహకరించదు. బ్రేకు తొక్కితే కీచుమంటే ప్యాడ్లు అరిగాయి, గరగరమంటే అరిగిపోయి ఇనుము ఇనుముని కోస్తోంది. ఇంజన్ అడుగు నుంచి ఎవరో సుత్తితో కొట్టినట్టు దబదబమంటే మాత్రం ఆలోచించకు, అక్కడికక్కడే ఆపేసెయ్. ఇంజన్ పైనుంచి టిక్ టిక్ అంటే భయం లేదు, ముందు ఆయిల్ మట్టం చూసుకో.

ఇంజన్ నడుస్తుండగా పొడుగు స్క్రూడ్రైవర్ పిడి చెవి దగ్గర పెట్టి, కొసని బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద ఆనించి వింటే బేరింగు అరిగిందో లేదో తెలుస్తుంది. ఈ కిటుకు నీకు నేర్పాలని ఎప్పటినుంచో ఉంది. కానీ జుట్టు ముడి వేసుకో, చున్నీ ఇంట్లో వదిలెయ్. రేడియేటర్ ఫ్యాను ఇంజన్ ఆపాక కూడా తనంతట తను తిరగొచ్చు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. ఇది తెలిసే ఉంటుంది, అయినా రాశాను.

ఆయిలో నీళ్లో కారే సంగతికొస్తాను. రాత్రి బండి కింద పాత అట్టపెట్టె విప్పి పరువు, ముందుభాగం ఎటో పెన్నుతో రాసుకో. పొద్దున్నకి మరక ఎక్కడ పడిందో, ఏ రంగో అదే చెబుతుంది. ముందు భాగంలో నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిలు. ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండి తియ్యటి వాసనొస్తే ఇంజన్‌ని చల్లబరిచే కూలెంటు. దాన్ని వెంటనే కడిగెయ్, మీ సెల్లార్‌లో తిరిగే కుక్కపిల్లలు ఆ తీపికి నాకుతాయి, కొంచెం తాగినా బతకవు. ముందు ఎడమ సీటు కింద మంచినీళ్లలా పడితే ఏసీ నీళ్లు, వదిలెయ్.

నువ్వేమో "వెనక ఎడమ చక్రం దగ్గర కొంచెం తడి మామయ్యా, ఏసీ నీళ్లేమో" అని చప్పుడు సంగతి మధ్యలో ఒక ముక్క అనేసి పోయావు. ఏసీ నీళ్లు వెనక చక్రం దగ్గర ఎందుకు పడతాయి తల్లీ?

1989. సొంత షెడ్డు పెట్టి రెండేళ్లయింది. శివరాత్రికి రెండు రోజుల ముందు ఒక అంబాసిడర్ వచ్చింది. ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్తున్నారు. "మేస్త్రీ, బ్రేకు కొంచెం లోతుకి పోతోంది" అన్నాడు డ్రైవరు. చూస్తే బ్రేక్ ఆయిల్ తగ్గి ఉంది. వెనక ఎడమ చక్రం లోపలివైపు తడి. అంబాసిడర్‌కి వెనక యాక్సిల్ సీలు కారడం మాకు రోజూ చూసేదే, ఆ జిడ్డే అనుకున్నాను. కాటన్ వేస్ట్ తీసుకుని శుభ్రంగా తుడిచాను. బ్రేక్ ఆయిల్ నింపాను. పెడల్ రెండుసార్లు తొక్కితే గట్టిగానే నిలిచింది. షెడ్డులో ఇంకో మూడు బండ్లు, అందరికీ పండగ తొందర. డబ్బులు తీసుకుని పంపేశాను.

ఆ తడిని వేళ్ల మధ్య ఒక్కసారి రుద్ది చూసి ఉంటే చాలు. యాక్సిల్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం కంపు కొడుతుంది. బ్రేక్ ఆయిల్ పలచన, పెయింటు మీద పడితే పొక్కులు లేపుతుంది. ఆ చక్రం దగ్గర పెయింటు పొక్కి ఉంది కూడా. కళ్లతో చూశాను. తుడిచింది కూడా నేనే. పెడల్ లోతు, ఆయిల్ తగ్గడం, చక్రం తడి, మూడూ కలిపి చూస్తే ఆ వీల్ సిలిండర్, అంటే చక్రం లోపల బ్రేకుని నెట్టే సిలిండర్, కారుతోందని క్లీనర్ కుర్రాడైనా చెప్పేవాడు. నేను దేనికది మూడు చిన్న పనులు చేసి చేతులు దులుపుకున్నాను.

తిరుగు ప్రయాణంలో దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే పెడల్ నేలకంటింది. ఆ బండికి బ్రేక్ లైను ఒకటే, ఒక చక్రం దగ్గర ఆయిల్ పోతే నాలుగూ పోయినట్టే. హ్యాండ్‌బ్రేక్ లాగాడట, ఆ పక్క బ్రేక్ లైనింగు ఆయిల్లో నాని ఉంటే ఏం పడుతుంది? సెకండ్ గేర్‌లోకి లాగి, లోయ వైపు పోనివ్వకుండా కొండకేసి బండిని రాపాడించి ఆపాడు. అతని చెయ్యి విరిగింది. వెనక సీట్లో పెద్దావిడకి భుజం ఎముక విరిగింది. పిల్లలిద్దరికీ గీరుళ్లతో పోయింది.

నాలుగో రోజు చేతికి కట్టుతో షెడ్డుకొచ్చాడు. ఒక్క మాట అనలేదు. "బండి తెప్పిస్తాను, ఆ సిలిండర్ మార్చు మేస్త్రీ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ రాత్రి మీ అత్తయ్య నా కంచం పెట్టింది పెట్టినట్టే తీసేసింది.

నీ ఆల్టోకి బ్రేక్ లైన్లు రెండు, ఒకటి పోయినా రెండోది ఎంతో కొంత ఆపుతుంది. ఆ ధైర్యంతో ఆఫీసుకి బయల్దేరకు. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మీద గీత చూడు. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం నెలల తరబడి మెల్లగా దిగుతుంది, అది మామూలే. వారంలో దిగిందంటే ఎక్కడో కారుతోంది. గీత దాకా నింపేసి బాగుపడిందనుకోకు, నేను చేసిందదే. ఇంకో మాట, ఆ ఆయిలు గాలిలో తేమ పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాలి. మూత తీసి వదిలేసిన పాత సీసా ఎవరిచ్చినా పోయొద్దు.

చక్రం విప్పి చూడాలని చెయ్యి దురదగా ఉంటుంది, నాకు తెలుసు. డిక్కీలో ఉండే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. దాని మీద బండిని నిలబెట్టి కింద తల పెడితే నీతో మాట్లాడను. జాకీ స్టాండ్లు కొను, అవి పెట్టినా విప్పిన చక్రాన్ని బాడీ కిందకి తోసి ఉంచు. ఇటుకలు పెట్టొద్దు, అవి చెప్పకుండా చిట్లుతాయి. ఇంత గట్టిగా రాస్తున్నానని ముఖం ముడుచుకోకు. మీ అమ్మకి నువ్వొక్కదానివే.

ఆదివారం పొద్దున్నే శాతవాహన రైలుకి వస్తున్నాను. అప్పటిదాకా ఆ తడిని వేలితో తాకి చూసి, ఎలా ఉందో ఫోన్లో చెప్పు, తర్వాత చెయ్యి సబ్బుతో కడుక్కో. బ్రేక్ డ్రమ్ము నువ్వే విప్పుదువుగాని, నేను స్టూలు వేసుకుని పక్కన కూర్చుంటాను. నా పాత రింగు పానాల సెట్టు నీకోసం కిరసనాయిల్లో కడిగి గుడ్డలో చుట్టి పెట్టాను. పద్నాలుగు-పదిహేను అందులో ఉండదు. ఎక్కడుందో నీకే తెలుసు.

మీ మామయ్య