పురిటి ఇంటి ముందు లారీల దుమ్ము

ప్రశ్న: మాది చీమకుర్తి. ఎనిమిదో నెల గర్భిణి అయిన మా అమ్మాయి పురిటికి వచ్చి మా దగ్గరే ఉంది. గ్రానైటు లారీలు రేయింబవళ్లు మా ఇంటి ముందు నుంచే వెళ్తుంటాయి. పొద్దున తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయవచ్చు. పసిబిడ్డకు ఈ దుమ్ము ప్రమాదమా? మూడో నెల దాకా ఉంచుకోవాలా, పురుడు కాగానే అత్తగారింటికి పంపాలా?

జవాబు: అమ్మా, అరుగు మీద పేరుకునే దుమ్ములో ఎక్కువ భాగం లావు రేణువులే కాబట్టి అవి చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. ఎక్కువగా భయపడవలసింది లారీల పొగలోనూ, చెత్త తగలబెట్టిన పొగలోనూ ఉండే 2.5 మైక్రాన్ల లోపు రేణువులకు. తల వెంట్రుకలో ఇరవయ్యో వంతు కూడా ఉండని ఇవి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి, వాటిలో మరీ సన్ననివి రక్తంలోనూ కలుస్తాయి. బెల్జియం పరిశోధకులు 2019లో మాయలో (కడుపులో బిడ్డకు తల్లి నుంచి పోషణ అందించే మావిలో), బిడ్డ వైపు భాగంలో సైతం మసి రేణువులను చూపించారు. అందువల్ల పురుడయ్యాక పంపాలా అన్న ఆలోచన కొంత ఆలస్యమైనదే. అత్తవారి ఇల్లు రోడ్డుకు దూరంగా ఉండి, దగ్గర్లో మంచి ఆసుపత్రి ఉంటే, డాక్టరును అడిగి ఇప్పుడే పంపడం మేలు.

ఇటువంటి గాలికీ, 37 వారాలు నిండకుండా జరిగే కాన్పులకూ, రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టే పిల్లలకూ సంబంధం ఉందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అలాగని మీ మనవడికో మనవరాలికో అలా జరిగి తీరుతుందని కాదు. అమ్మాయి రక్తహీనత, బి.పి. సంగతి దుమ్ము కంటే ముందు చూసుకోండి.

పంపడం కుదరకపోతే వెనక గది ఇవ్వండి. రోడ్డు వైపు కిటికీలు మూసి, పెరటి వైపువి తెరిచి ఉంచండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది గనుక తడిగుడ్డ పెట్టించండి. పైట చెంగు సన్నని రేణువులను ఆపదు. బయటికి వెళ్తే అమ్మాయికి ఎన్‌95 మాస్కు మంచిది, బిడ్డకు మాత్రం ఏ మాస్కూ వద్దు.

మీరు అడగలేదు గానీ, నీళ్లు పోశాక బిడ్డను సాంబ్రాణి పొగ మీద పట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే మానేయండి. నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీసే పసికందుకు అది లారీ పొగ కంటే దగ్గరి పొగ. తల మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. దోమల చుట్టలకు బదులు దోమతెర కట్టండి.

తల్లిపాలు ఏ కారణంగానూ ఆపవద్దు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు కూడా నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు పట్టకపోయినా, పెదవులు నీలంగా మారినా, తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేసి పసిపిల్లల ప్రత్యేక విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి.