డిలే పెంచితే బోర్డు లేవదు, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బోరు స్టార్టర్ బోర్డు ఒకోసారి పనిచేస్తోంది, ఒకోసారి బిగుసుకుపోతోంది, నువ్వేమో ప్రోగ్రాం మొదట్లో డిలే, అంటే కాసేపు ఆగమనే లైను, పెంచుకుంటూ పోతున్నావు. ఆ డిలే నడవాలన్నా ముందు చిప్ సరిగ్గా లేవాలి కదరా!

పొలాల దగ్గర సంగతి నీకు తెలియందా? త్రీ ఫేజ్ రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే మోటర్లు ఎత్తుతాయి, వోల్టేజ్ దబ్బున పడి మళ్ళీ లేస్తుంది. నువ్వు పెట్టింది 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్. 230 కాస్తా 160కి దిగితే ఏసీని డీసీ చేసే బ్రిడ్జి దాటాక మిగిలేది ఏడు చిల్లర, ఐదు వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్‌కి కావలసిందే ఏడు, ఇక రిపుల్, అంటే ఆ డీసీలో మిగిలే ఎగుడుదిగుడు, ఎక్కడ సర్దుతావు? 12 వోల్టులది పెట్టు, రెగ్యులేటర్‌కి హీట్‌సింక్ తగిలించు.

అసలు రోగం బ్రౌనౌట్, అంటే కరెంటు పూర్తిగా పోకుండా వోల్టేజ్ చాలనంతగా దిగడం. మన బోర్డు మీది చిప్ ఏటీమెగా328పీ 16 మెగాహెర్ట్జ్‌లో నడవాలంటే దాదాపు 3.8 వోల్టులు కావాలి. ఆర్డుయినో ఊనో బోర్డుకి పెట్టి ఇచ్చే ఫ్యూజులు (చిప్ లోపలి సెట్టింగులు) అలాగే వదిలేస్తే రీసెట్ అయ్యేది 2.7 దగ్గర. ఈ రెంటి మధ్యలో అది చచ్చిందీ కాదు, బతికిందీ కాదు, ఏం చేస్తుందో దానికే తెలియదు. నా మొదటి స్టార్టర్‌లో ఇలాగే ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) 20 నిమిషాలని దాచిన డ్రై రన్ టైమర్, అంటే బోరులో నీళ్ళు లేక ఆగిన మోటర్ మళ్ళీ ఎత్తేదాకా ఆగే సమయం, 255 అయి కూర్చుంది, రైతు నాలుగు గంటలు నీళ్ళ కోసం ఎదురుచూసి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. ఎక్స్‌టెండెడ్ ఫ్యూజ్‌లో బ్రౌనౌట్ రీసెట్ 4.3 వోల్టులకి పెట్టు, స్టార్టప్ టైమ్ 65 మిల్లీసెకన్లది ఎంచుకో. రీసెట్ పిన్ మీద 10కే రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్నాయిగా అంటావేమో, కరెంటు అర సెకనే పోతే ఐదు వోల్టుల లైను సున్నాకి దిగదు, అవేం రీసెట్ ఇస్తాయి?

రీసెట్‌లో ఉన్నంతసేపు పిన్నులు గాల్లో వేలాడుతుంటాయి, రిలే ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండుకి 10కే రెసిస్టర్ పెట్టు, లేకపోతే మోటర్‌కి కరెంటు కలిపే కాంటాక్టర్ టకటకలాడుతుంది. వాచ్‌డాగ్ (ప్రోగ్రాం బిగుసుకుంటే చిప్‌ని రీసెట్ చేసే టైమర్) వాడితే ప్రోగ్రాం మొదటి లైన్లలోనే రీసెట్ కారణం ఉండే ఎంసీయూఎస్ఆర్ రిజిస్టర్ చదివి దాచుకుని, చెరిపి, వాచ్‌డాగ్ ఆపేయి. ఆ దాచిన విలువ ఎల్‌ఈడీ మీద చూపించావంటే ఎందుకు రీసెట్ అయిందో పొలంలోనే తెలిసిపోతుంది. చాలా బూట్‌లోడర్లు (మన ప్రోగ్రాం కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రాంలు) ఆ ఎంసీయూఎస్ఆర్‌ని ముందే చెరిపేస్తాయి, అందుకే బూట్‌లోడర్ లేకుండా కోడ్ ఐఎస్‌పీ ప్రోగ్రామర్‌తో నేరుగా చిప్‌లోకి ఎక్కించు.

అయ్యాక వేరియాక్ (వోల్టేజ్ తిప్పి పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) మీద పెట్టి 230 నుంచి సున్నాకి నెమ్మదిగా దించి, అంతే నెమ్మదిగా ఎత్తు, తర్వాత ప్లగ్ పీకి అర సెకనులో పెట్టు, ఒకటికి యాభైసార్లు. రిలే ఒక్కసారి తప్పు కొట్టినా ఊరికి పంపకు, నాకు ఫోన్ చెయ్యి.

మామయ్య