థ్రెడ్ పూల్ వాడబోయే ముందు

చిరంజీవి రమ్యకు,

ఆశీస్సులు. ఐదు వేల పీడీఎఫ్‌లు ఒకదాని తర్వాత ఒకటి డౌన్‌లోడ్ అయ్యేసరికి పూటంతా పోతోందని, పైథాన్‌లో థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనివాళ్లలాంటివి, వాడదామనుకుంటున్నానని రాశావు. వాడు. కాకపోతే థ్రెడ్లను నువ్వే పుట్టించి నువ్వే కాపలా కాసే పని పెట్టుకోకు. కంకరెంట్ ఫ్యూచర్స్ మాడ్యూల్ 3.2 వెర్షన్ నుంచీ పైథాన్‌తోనే వస్తోంది. అందులోని థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్, అంటే కొన్ని థ్రెడ్లను సిద్ధంగా ఉంచి పనులు వాటికి పంచే సాధనం, నీ పనికి సరిపోతుంది.

ఎందుకు సరిపోతుందో కూడా తెలుసుకో. మామూలు పైథాన్‌లో జీఐఎల్ అనే తాళం ఉంటుంది, ఒక సమయంలో ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడ్ నడుపుతుంది. నెట్‌వర్క్ కోసం ఎదురుచూసేటప్పుడు థ్రెడ్ ఆ తాళం వదిలేస్తుంది కాబట్టి డౌన్‌లోడ్లకు లాభం. రేపు ఆ పీడీఎఫ్‌లలో పదాలు లెక్కపెట్టే కోడ్ రాస్తే మాత్రం థ్రెడ్లతో ఒరిగేదేమీ ఉండదు, పనిని వేర్వేరు ప్రాసెస్‌లకు పంచే ప్రాసెస్‌పూల్ ఎగ్జిక్యూటర్‌కి మారాలి.

ఎన్ని థ్రెడ్లు? నువ్వు చెప్పకపోతే, 3.8 నుంచీ సీపీయూ కోర్ల సంఖ్యకు 4 కలిపి తీసుకుంటుంది, 32 దాటదు. నీ విషయంలో కోర్లు కాదు, అవతలి సర్వర్ ఓపిక ముఖ్యం. 8తో మొదలుపెట్టి వంద ఫైళ్లకు ఎంతసేపు పట్టిందో చూడు, తర్వాత 16 పెట్టి చూడు. 429 ఎర్రర్లు, అంటే మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావని సర్వర్ చెప్పడం, మొదలైతే వెనక్కి తగ్గు.

అందరూ దెబ్బతినేది ఇక్కడ, జాగ్రత్తగా చదువు. పూల్‌కి సబ్మిట్ చేసిన (అప్పగించిన) పనిలో ఎర్రర్ వస్తే స్క్రీన్ మీద ఏమీ కనబడదు. సబ్మిట్ చేయగానే రసీదులా చేతికొచ్చే ఫ్యూచర్ ఆబ్జెక్టులో అది దాక్కుంటుంది, నువ్వు రిజల్ట్ అడిగినప్పుడే బయటికొస్తుంది. అడగకపోతే ప్రోగ్రాం ప్రశాంతంగా ముగుస్తుంది, ఫోల్డర్‌లో మాత్రం మూడొందల ఫైళ్లు తక్కువుంటాయి. అందుకని ప్రతి ఫ్యూచర్‌కీ దాని లింకు జతచేసి ఒక డిక్షనరీలో పెట్టుకో. ఏది ముందు పూర్తయితే దాన్ని ముందు అందించే యాజ్ కంప్లీటెడ్ లూప్‌లో ఒక్కొక్కటీ తీసి, ఎర్రర్‌ను పట్టుకునే ట్రై లోపల రిజల్ట్ అడుగు. విఫలమైన లింకునూ ఎర్రర్‌నూ ఒక ఫైల్లో రాసుకో, మళ్లీ వాటినే నడపొచ్చు. లింకులన్నిటికీ ఒకే పిలుపుతో ఫంక్షన్ నడిపే మ్యాప్ చూడ్డానికి పొట్టిగా ఉంటుంది కానీ మొదటి ఎర్రర్ దగ్గరే లూప్ ఆగిపోతుంది. ఈ పనికి వద్దు.

రిజల్ట్‌కు టైమౌట్ ఇస్తే పని ఆగుతుందనుకోకు. ఆగేది నీ ఎదురుచూపు మాత్రమే, లోపల థ్రెడ్ నడుస్తూనే ఉంటుంది. క్యాన్సిల్ కూడా ఇంకా మొదలుకాని పనులకే పనిచేస్తుంది. కాబట్టి గడువు డౌన్‌లోడ్ చేసే చోటే పెట్టు. డౌన్‌లోడ్‌కు వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ తనంతట తాను గడువు పెట్టదు. కనెక్షన్‌కు 5 సెకన్లు, చదవడానికి 30 ఇవ్వు. ఆ 30 మొత్తం ఫైలుకు కాదు, సర్వర్ ఏమీ పంపకుండా ఊరుకోగల సమయం.

పూల్‌లో నడిచే పని అదే పూల్‌కి ఇంకో పని ఇచ్చి దాని రిజల్ట్ కోసం కూర్చోకూడదు. థ్రెడ్లన్నీ అలా కూర్చుంటే కొత్త పని చేసేవాళ్లుండరు, ప్రోగ్రాం అక్కడే బిగుసుకుపోతుంది. ఎంత దిగిందనే లెక్క కూడా థ్రెడ్లలో పెంచకు, రెండు థ్రెడ్లు ఒకేసారి పెంచితే లెక్క తప్పొచ్చు. ఫంక్షన్ ఫైలు సైజు తిరిగిస్తే చాలు, మెయిన్ లూప్‌లో కూడుకో.

ఫైలును ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టు. మధ్యలో కరెంటు పోయినా సగం ఫైలు పూర్తయినట్టు కనబడదు. మొదటిసారి ఒక్క థ్రెడ్‌తో ఇరవై లింకులు నడిపించు, అందులో ఒకటి కావాలనే తప్పు లింకు పెట్టు. అది విఫలాల ఫైల్లో కనబడితేనే థ్రెడ్లు పెంచు.

ఇట్లు,
బాబాయి