ఎముకల జన్యువు మీద రీసెర్చ్ చేస్తానంటోంది మా అమ్మాయి, పంపమంటారా?

నల్గొండ జిల్లా నుంచి ఒక తండ్రి అడిగారు: "మా పాప ఈ ఏడాదే ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్‌లో చేర్పిస్తానంటే వద్దంటోంది. ఎముకలు విరగకుండా చేసే జన్యువు ఒకటుందని ఎక్కడో చదివిందట, అలాంటి వాటి మీదే రీసెర్చ్ చేస్తానని పట్టు పట్టింది. ఇది చదువా, మోజా? రేపు ఉద్యోగం వస్తుందా?"

మోజు కాదండీ. మీ పాప చెప్పే జన్యువు నిజంగానే ఉంది, దాని పేరు ఎల్ఆర్‌పీ5. మీరు కూడా ఒకసారి ఆ కథ వినాలి, ఎందుకంటే ఏ ఉద్యోగాలు ఉంటాయి అన్న మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

అమెరికాలోని నెబ్రాస్కాలో ఒక కుటుంబం. కారు ప్రమాదం తర్వాత వాళ్లలో ఒకరికి తీసిన ఎక్స్-రేలో ఎముకలు మామూలు కంటే బాగా దట్టంగా కనిపించాయి. డాక్టర్లు అంతటితో వదిలేయకుండా ఇంట్లో మిగతావాళ్లనీ పరీక్షిస్తే చాలామందికి అలాగే ఉంది, పైగా జబ్బేమీ లేదు. ఒమాహాలోని క్రైటన్ యూనివర్సిటీ వాళ్లు 1997లో దీనికి కారణం 11వ క్రోమోజోమ్ మీద ఒక చోట ఉందని తేల్చారు, అసలు జన్యువు ఏదో దొరకడానికి 2002 దాకా పట్టింది. అదే ఏడాది యేల్ యూనివర్సిటీ వాళ్లకి వేరే కుటుంబంలో కూడా అదే మార్పు కనిపించింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 171వ స్థానంలో ఉండాల్సిన గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం బదులు వాలీన్ అనే ఇంకొకటి చేరింది, తేడా అంతే.

ఎల్ఆర్‌పీ5 అనేది ఒక రిసెప్టర్, అంటే కణం పైపొర మీద కూర్చుని బయటి నుంచి వచ్చిన కబురు అందుకునే ప్రోటీన్. 'ఎముక కట్టు' అనే కబురు అందితే ఎముక కట్టే కణాలు పని మొదలుపెడతాయి. ఆ పని మితిమీరకుండా స్క్లెరోస్టిన్ లాంటి ప్రోటీన్లు వచ్చి రిసెప్టర్‌కి అంటుకుని బ్రేకు వేస్తాయి. ఆ ఒక్క మార్పు ఉన్నవాళ్లలో బ్రేకు సరిగ్గా పట్టదు, అందుకే ఎముక దట్టంగా పెరుగుతూ పోతుంది.

ఇదే జన్యువు పూర్తిగా పాడైతే ఏమవుతుందో అంతకు ముందే, 2001లో తెలిసింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ చెడిపోయి పుట్టిన పిల్లలకి చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతాయి, చూపు కూడా పసితనంలోనే పోతుంది. తల్లిదండ్రులు మాత్రం బాగానే కనిపిస్తారు. వాళ్లిద్దరిలోనూ ఒక్కో చెడిన కాపీ ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. మన దగ్గర మేనరికాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి కాబట్టి ఇలాంటి జబ్బుల మాట మనకి దూరం కాదు, దగ్గరి చుట్టాల్లో ఒకే చెడిన కాపీ ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ.

అలాగని ఎముక ఎక్కువైతే ఎప్పుడూ మంచిదే అనుకోకూడదు. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ కుటుంబాల్లో కొందరికి ఆ బ్రేకు ప్రోటీన్ స్క్లెరోస్టిన్ అసలు తయారే కాదు, పుర్రె ఎముక మందమై నరాలు నొక్కుకుపోతాయి, మెదడు మీద ఒత్తిడి పెరిగి ప్రాణం మీదకు కూడా వస్తుంది. మీ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన పెద్దల ఎముకలు కూడా ఎక్స్-రేలో దట్టంగానే కనిపిస్తాయి, అక్కడ కారణం జన్యువు కాదు, నీళ్లు. వాళ్లని చూస్తూ పెరిగిన పిల్లకి ఎముకల మీద ధ్యాస పుట్టడం నాకేమీ వింతగా అనిపించలేదు.

ఈ కుటుంబాల మీద జరిగిన పని చివరికి మందు దాకా వెళ్లింది. స్క్లెరోస్టిన్‌ని అడ్డుకునే రోమోసోజుమాబ్ అనే ఇంజెక్షన్‌కి 2019 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఎముకలు బాగా గుల్లబారిన, మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకి నెలకోసారి చొప్పున ఏడాది ఇస్తారు. గుండెపోటు, పక్షవాతం ముప్పు గురించి గట్టి హెచ్చరిక కూడా దాని మీదే ఉంది.

ఇప్పుడు ఈ కథలో ఎంతమంది పనిచేశారో చూడండి. ఎక్స్-రే చూసి అంతటితో వదిలేయని డాక్టర్, ఇంటింటికీ వెళ్లి వంశవృక్షం గీసినవాళ్లు, డీఎన్ఏ చదివినవాళ్లు, లెక్కలు కట్టినవాళ్లు, ఎలుకల మీద పరీక్షించినవాళ్లు, మందు తయారుచేసినవాళ్లు, ట్రయల్స్ నడిపినవాళ్లు. ఇందులో మీ పాప మనసు ఏ పని మీద ఉందో ముందు తననే అడగండి. రోగుల మధ్య ఉండాలంటే ఒక దారి, ల్యాబ్‌లో ఉండాలంటే ఇంకో దారి.

రోగులకి మందు రాసే డాక్టరే అవ్వాలని లోపల ఉంటే మాత్రం నీట్ తప్పదు, అప్పుడు లాంగ్‌టర్మ్‌కి అర్థం ఉంది. ఎంబీబీఎస్, ఎండీ తర్వాత మెడికల్ జెనెటిక్స్‌లో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు ఉంది, హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగమే ఉంది. కానీ వద్దంటున్న పిల్లని ఇంకో ఏడాది హాస్టల్లో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు, సూటిగా చెబుతున్నాను.

రీసెర్చ్ అయితే మొదట చూడాల్సింది ఐఐఎస్ఈఆర్, అంటే సైన్స్ చదువు, పరిశోధన కలిపి నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థలు, తిరుపతిలోనే ఒకటుంది. వాటి ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయాలి. లేదంటే జెనెటిక్స్ ఉన్న బీఎస్సీ చదివి ఉస్మానియాలోనో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ. జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ సంస్థలు రెండూ మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. లక్షలు పోసి ఊరూ పేరూ లేని కాలేజీలో బయోటెక్ బీటెక్ మాత్రం చేయించకండి, ల్యాబ్ సరిగ్గా లేనిచోట ఆ డిగ్రీతో ఏమీ రాదు.

డబ్బు సంగతి దాచను. ఎమ్మెస్సీతో ఆపేస్తే మొదటి జీతాలు చాలా చిన్నవి. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి 2 ఏళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటద్దె వేరే. మొత్తం కలిపి పదేళ్ల పైమాటే, ఈలోపు తన స్నేహితులు ఉద్యోగాల్లో స్థిరపడతారు, అది ఇంట్లో అందరూ ముందే ఒప్పుకోవాలి. అంత కాలం వద్దనుకుంటే జెనెటిక్ కౌన్సెలింగ్‌లో ఎమ్మెస్సీ చేయొచ్చు, సాధారణంగా 2 ఏళ్లు. మేనరికం చేసుకున్న జంటని కూర్చోబెట్టి, భయపెట్టకుండా, తప్పంతా కోడలి మీద తోసేయకుండా విషయం అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగే మనుషులు మనకి బాగా తక్కువ, నన్నడిగితే అన్నిటికంటే ఇదే అవసరం.

ఒక్క అడ్డంకి ఉంది. ఐఏటీలో 60 ప్రశ్నలుంటే 15 మ్యాథ్స్‌వి, బైపీసీ పిల్లలు అక్కడే టెన్షన్ పడతారు. ఏ ఏడాది ఇంటర్ పాసైనవాళ్లు రాయొచ్చో నోటిఫికేషన్‌లో చూసుకుని, ఈ ఆదివారమే ఒక పాత పేపర్ ప్రింట్ తీసి 3 గంటలు టైమ్ పెట్టి రాయించండి. మార్కులు ఎన్నైనా రానివ్వండి, రాసి లేచాక మ్యాథ్స్ నేర్చుకుంటానంటుందా, వదిలేస్తానంటుందా చూసి నాకు మళ్లీ రాయండి.