ఎన్నారై సందేహాలు: పిల్లాడి ఎపీపెన్ స్కూల్లో ఎవరికివ్వాలి?

గుంటూరు నుంచి డాలస్ వచ్చి మూడు నెలలైన ఒకావిడ అడిగారు: "మా బాబుకి అయిదేళ్లు. జీడిపప్పు పడదు. ఆగస్టులో కిండర్‌గార్టెన్. ఎపీపెన్ బ్యాగులో పెట్టి పంపితే సరిపోతుందా?"

సరిపోదండీ. ఎపీపెన్ అంటే తీవ్రమైన ఎలర్జీ వచ్చినప్పుడు తొడలో పొడిచే ఎపినెఫ్రిన్ మందు పెన్ను. అయిదేళ్లవాడు తనంతట తాను పొడుచుకోలేడు. మందు స్కూలు నర్సు చేతికి మీరే వెళ్లి ఇవ్వాలి.

జులైలోనే పిల్లల డాక్టరు దగ్గర రెండు కాగితాల మీద సంతకం పెట్టించుకోండి. ఒకటి స్కూలు వాళ్లు మందు ఇవ్వడానికి అనుమతి, రెండోది ఏ లక్షణానికి ఏం చెయ్యాలో చెప్పే ఎలర్జీ ప్లాన్. ప్రిస్క్రిప్షన్ కూడా అప్పుడే ఇంటికొక జత, స్కూలుకొక జత రాయమనండి. ఒక డోసుకి తగ్గకపోతే రెండోది ఇవ్వాల్సి రావచ్చు, అందుకే జత. 15 నుంచి 30 కిలోల పిల్లలకు 0.15 మిల్లీగ్రాములది, ఆపైన 0.3ది. సూదంటే హడలిపోయే పిల్లలుంటే ముక్కులో కొట్టే నెఫీ స్ప్రే గురించి అడగండి. 2025లో నాలుగేళ్లు నిండి 15 కిలోలు దాటిన పిల్లలకూ దానికి అనుమతి వచ్చింది.

మావాడికీ జీడిపప్పు పడదు. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. అట్టపెట్టె ఎందుకులే అని పారేసి, పెన్నులు రెండూ జిప్‌లాక్ కవర్లో పెట్టి ఇచ్చాను. పిల్లాడి పేరున్న ఫార్మసీ లేబుల్ ఆ పెట్టె మీదే ఉంది మరి! నర్సు తీసుకోనంది. ఆ రోజు లంచ్ అయ్యేదాకా పెన్నులు ఒళ్లో పెట్టుకుని స్కూలు పార్కింగ్‌లో కూర్చున్నాను.

అంతకంటే పెద్ద పొరపాటు అక్టోబరులో జరిగింది. క్లాసంతా గుమ్మడికాయల తోటకి వెళ్లారు. మందు మాత్రం నర్సు గది బీరువాలోనే ఉండిపోయింది. మా అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. ఆ తర్వాతే 504 ప్లాన్, అంటే పిల్లాడికి స్కూల్లో చెయ్యాల్సిన ఏర్పాట్లన్నీ రాసిపెట్టే కాగితం, అడిగాం. వికలాంగుల హక్కుల కోసం 1973లో వచ్చిన చట్టంలోని సెక్షన్ అది, ప్రభుత్వ స్కూళ్లన్నిటికీ వర్తిస్తుంది. "అది వికలాంగులకు కదా, మనవాడికి ఆ ముద్రెందుకు" అన్నారు మా ఆయన. ముద్రా లేదు, ఏమీ లేదు. ఫీల్డ్ ట్రిప్‌లో పెన్ను ఎవరి దగ్గరుంటుంది, బస్సులో ఎవరికి తెలుసు, టీచరు సెలవు పెడితే వచ్చే కొత్తావిడకి ఎవరు చెప్తారు, ఇవన్నీ అందులో రాయించాం. నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో అడగండి. మొహమాటపడకండి.

మన పిల్లలకి ఇంకో చిక్కుంది. ఇంట్లో జీడిపప్పు, స్కూల్లో క్యాష్యూ. రెండూ ఒకటేనని మావాడికి తెలియదు. "గొంతు గరగరలాడుతోంది" అని తెలుగులో చెప్తే టీచరుకేం అర్థమవుతుంది? అందుకే 'మై థ్రోట్ ఫీల్స్ ఫన్నీ' అని రోజూ చెప్పించేదాన్ని. పిస్తా కూడా చెప్పి ఉంచండి, జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి అదీ పడదు. లంచ్ బాక్సూ చూసుకోండి. మా అత్తయ్య జీడిపప్పు నేతిలో వేయించి, పలుకులు తీసేసి, అదే నేతితో పొంగలికి పోపు పెట్టారు! "తీసేశానుగా అమ్మా" అని.

దద్దుర్లతో పాటు వాంతో, దగ్గో, ఆయాసమో వస్తే బెనడ్రిల్ (ఇక్కడ ఎలర్జీకి వాడే మందు) ఇచ్చి చూద్దామని ఆగకూడదు. అది దురద తగ్గిస్తుందేమో గానీ ఊపిరి నిలబెట్టదు. ముందు ఎపీపెన్, వెంటనే ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్. నీలం మూత పైకి లాగి, నారింజ కొనని తొడ బయటి వైపు క్లిక్‌మనేలా నొక్కి, మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా పట్టుకోవాలి. ప్యాంటు మీంచయినా ఫర్వాలేదు. సూది లేని ట్రైనర్ పెన్ను అడిగి తెచ్చుకుని, ఇంట్లో తాతయ్యతో సహా అందరిచేతా నొక్కించండి.

పెన్ను మీద ఎక్స్‌పైరీ నెల ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. స్కూలు చివరి రోజున పెన్నులు మీరే వెళ్లి తెచ్చుకోవాలి, వదిలేస్తే చాలా చోట్ల పారేస్తారు. తెచ్చాక అటునుంచటే కాస్ట్‌కోకి వెళ్లేట్టయితే కార్లో మాత్రం వదలకండి, టెక్సస్ ఎండకి మందు పాడవుతుంది. హ్యాండ్‌బ్యాగులో వేసుకుని లోపలికి తీసుకెళ్లండి.