క్యాన్సర్ అంటుకోదు.. మీ జలుబే ఆవిడకి అంటుకుంటుంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. మా అత్తమ్మకి 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఇప్పుడు మూడు వారాలకోసారి కీమో, రెండు అయ్యాయి. ఆవిడకి మాత్రం "గడ్డ తీశారు, మళ్లీ రాకుండా సెలైన్ పెడుతున్నారు" అనే చెప్పాం. ఊళ్లో ఎలాగో తెలిసిపోయింది. పొద్దస్తమానం మా అరుగు మీదే ఉండే ఇరుగుపొరుగు రావడం మానేశారు. మా ఆడపడుచు కూడా చిన్నపిల్లలున్నారని రావట్లేదు. అత్తమ్మ తన కంచం, చెంబు తనే వేరు పెట్టుకుంది. రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఇది అంటుకుంటుందా? ఇలాంటివాళ్లకి ధైర్యం చెప్పే సంఘాలు ఏమైనా ఉన్నాయా?
- ఒక కోడలు

జవాబు: ముందు ఆ కంచం సంగతి తేల్చేద్దాం. అంటుకోదమ్మా. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, మనవళ్లు ఒళ్లో ఎక్కి కూర్చున్నా రాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ, కాలేయ క్యాన్సర్‌కి దారితీసే హెపటైటిస్ బి లాంటి వైరస్‌లు ఒకరి నుంచి ఒకరికి సోకుతాయి నిజమే, కానీ ఆ సోకేది వైరస్సే తప్ప క్యాన్సర్ కాదు. మీ అత్తమ్మకి వచ్చిన జబ్బుకి వాటితో సంబంధం కూడా లేదు.

నిజానికి కీమో రోజుల్లో వ్యవహారం తిరగబడి ఉంటుంది. మందు ఎక్కించాక వారం, పది రోజులకి తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు మీ ఇంట్లో పిల్లాడి ముక్కు కారడం మీ అత్తమ్మకి ప్రమాదం, మీ అత్తమ్మ వల్ల పిల్లాడికి ఏ ప్రమాదమూ లేదు. కాబట్టి జలుబూ జ్వరం లేనివాళ్లు చేతులు కడుక్కుని హాయిగా వచ్చి కూర్చోవచ్చు. ఆవిడ ఒళ్లు 100.4 డిగ్రీలు దాటితే మాత్రం డోలో వేసి తెల్లారేదాకా చూడకండి, అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. ఇంట్లో థర్మామీటర్ లేకపోతే ఇవాళే కొనండి.

ఒక్క జాగ్రత్త ఉంది. కీమో ఎక్కించాక రెండు రోజులపాటు ఆ మందు కొంత మూత్రం, వాంతుల్లో బయటికి వస్తుంది కాబట్టి అవి శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, మరుగుదొడ్లో నీళ్లు ఎక్కువ పోయండి. గర్భంతో ఉన్నవాళ్లు ఆ పని చేయకూడదు. నాకు తెలిసి ఆస్పత్రిలో నర్సు చెప్పే ఈ నాలుగు ముక్కలే బస్సెక్కి ఊరు చేరేసరికి "అంటుకుంటుందంట" అయిపోతాయి.

ఇక ఆవిడకి పేరు చెప్పకుండా దాచడం. ప్రేమతోనే దాచారు, తప్పు పట్టను. కానీ రెండుసార్లు కీమో వార్డులో నాలుగైదు గంటలు కూర్చుని వచ్చిన మనిషికి, బోర్డు చదవడం రాకపోయినా, చుట్టూ జుట్టు ఊడిన వాళ్లని చూశాక తెలియకుండా ఉంటుందా? కంచం ఎందుకు వేరు పెట్టుకుంది మరి? ఆవిడకి తెలుసు, మీకు చెప్పట్లేదు. మీరేమో ఆవిడకి చెప్పట్లేదు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఏడుస్తున్నారన్నమాట. ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు "అత్తమ్మా, ఇదేం జబ్బని అనుకుంటున్నవ్?" అని అడిగి ఊరుకోండి. ఆవిడ ఎంతవరకు చెబితే మీరూ అంతవరకే మాట్లాడండి. మిగతాది డాక్టర్ నోటితో చెప్పించవచ్చు. ఈసారి వెళ్లినప్పుడు ఆవిడ ఎదురుగానే మాట్లాడమని ముందే అడగండి, చాలామంది ఇళ్లవాళ్లు మమ్మల్ని తలుపు బయటికి పిలిచి గుసగుసగా అడుగుతారు, లోపల మంచం మీదున్న మనిషి చెవులన్నీ ఆ తలుపు మీదే ఉంటాయి.

మీరడిగిన సంఘాల విషయం. నేను రాసే ఏ మాత్రా చేయలేని పని ఒకటుంది, అదే జబ్బు దాటి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చోవడం. మా డే కేర్‌లో ఒకసారి, ఒకామె మొదటి కీమోకి వచ్చి, జుట్టు పోతుందన్న మాట విని సూది వద్దని లేచి నిలబడింది. నేను చెప్పా, నర్సు చెప్పింది, భర్త బతిమాలాడు. లాభం లేదు. పక్క కుర్చీ దగ్గర చెల్లెలికి తోడుగా వచ్చిన ఇంకొకామె నెత్తిమీది స్కార్ఫ్ తీసి, తల వంచి, "పట్టుకుని చూడు" అంది. ఐదు నెలల కింద మందులు అయిపోయాయట, అర అంగుళం జుట్టు, మొక్కజొన్న పీచులా మెత్తగా. ఈమె వేళ్లతో అటూ ఇటూ నిమిరి చూసి, ఏం మాట్లాడకుండా కూర్చుని చెయ్యి చాపింది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1952లో న్యూయార్క్‌లో రొమ్ము తీసేయించుకున్న టెరీస్ లాసర్ అనే ఆవిడ, అలాంటి ఆపరేషన్ అయిన ఆడవాళ్ల దగ్గరికి తనే వెళ్లి చేతి వ్యాయామాలు చూపించడం మొదలుపెట్టింది. డాక్టర్లకి మొదట్లో నచ్చలేదు! తర్వాత అది రీచ్ టు రికవరీ పేరుతో చాలా దేశాలకి పాకింది. మన దగ్గర పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్ అనో కౌన్సెలర్ అనో ఒకరుంటారు. ఆపరేషన్ అయి రెండు మూడేళ్లు దాటి, తెలుగులో, వీలైతే మీ వైపు యాసలో మాట్లాడే ఒకరిని కలపమని ఆ గదికి వెళ్లి అడగండి. హైదరాబాద్‌లో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2007 నుంచి ఈ జబ్బు మీద అవగాహన కోసమే పనిచేస్తోంది. రాత్రిళ్లు నిద్రపట్టక దిగులు కమ్మేస్తే 14416కి, అంటే మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అది ఆవిడకే కాదు, మీక్కూడా.

వాట్సాప్ గ్రూపులతో మాత్రం జాగ్రత్త. కొన్ని బాగుంటాయి, కొన్నిట్లో మూడో రోజుకే పొడి డబ్బా అమ్మకానికి దిగుతుంది. కీమో ఆపేసి మా పసరు తాగమన్న మనిషిని ఆ నిమిషమే బ్లాక్ చేయండి. కొన్ని పసర్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. అలాగే ఇంకో పేషెంట్‌కి నాలుగు కీమోలు, మీకు ఆరు అని టెన్షన్ పడొద్దు, రొమ్ము క్యాన్సర్లన్నీ ఒకటి కాదు. పక్కామె నుంచి ధైర్యం తీసుకోండి, మందు చీటీ కాదు.

ఇక ఊరు. జనం రాకపోవడానికి సగం భయం, సగం ఏం మాట్లాడాలో తెలియకపోవడం. "ఏమన్నా కావాలంటే చెప్పు" అనే వాళ్లకి పని చెప్పండి. కీమో రోజు గేదెకి గడ్డి వేయడం ఒకరికి, బస్టాండ్ నుంచి బండి మీద తీసుకురావడం ఒకరికి. మర్నాటి నుంచి రెండు మూడు రోజులు వంట వాసనకే వికారం వస్తుంది, అప్పుడు పెసరపప్పు జావ వాళ్లింట్లో కాచి తేవడం ఇంకొకరికి. పని మీద వచ్చిన మనిషి ఐదు నిమిషాలు కూర్చుంటుంది, మాట దానంతటదే వస్తుంది. అత్తమ్మ సరేనంటే, మీ మహిళా సంఘం మీటింగ్ రోజు ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో పిలిచి పది నిమిషాలు మాట్లాడించండి. 30 ఏళ్లు దాటిన వాళ్లకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్ పరీక్షలు చేయించడం ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నదే. భయపడి దూరంగా ఉన్నవాళ్లే ముందు వరసలో కూర్చుంటారు, చూడండి.

ప్రయాణం ఖర్చు గురించి మీరు రాయలేదు కానీ చెబుతున్నా. చికిత్సకి వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. సెకండ్ క్లాస్‌లో ఇద్దరికీ 75 శాతం. ఆస్పత్రివాళ్లు సంతకం చేసిన ఫారం ఉండాలి, అంతే.

చివరగా మీ ఆడపడుచు. పిల్లలకి అంటుకుంటుందని ఆమె దూరంగా ఉంటోంది, ఆ భయం అక్కర్లేదు. కానీ తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది కాబట్టి ఆమెకి మామూలు వాళ్లకంటే ముప్పు కొంచెం ఎక్కువ, కోడలిగా మీకు ఆ లెక్క వర్తించదు. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పదే, హడలిపోనక్కర్లేదు, అయినా ఒకసారి డాక్టర్‌తో పరీక్ష చేయించుకుని మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, ఏ వయసు నుంచి తీయించుకోవాలో కనుక్కోవాలి. ఆ మాట చెప్పి, మూడో కీమోకి అత్తమ్మ వెంట ఆమెని పంపండి. తన పరీక్షా అయిపోతుంది, మీరూ ఆ రోజు ఇంటిపట్టున కాసేపు నిద్రపోవచ్చు.