ఏఐ అసిస్టెంట్ రూల్స్ ఫైల్‌లో ఇంకా ఏం చేర్చాలి? ముందు సగం తీసేయండి

మీ ప్రశ్న: ఆరుగురి టీమ్, పైథాన్ బ్యాకెండ్. ఏఐ కోడింగ్ అసిస్టెంట్ ఎలా పనిచేయాలో చెబుతూ రాసిన రూల్స్ ఫైల్ 400 లైన్లు దాటింది, అయినా అసిస్టెంట్ సగం పాటించట్లేదు. ఇంకా ఏం చేర్చాలి?

ఏమీ చేర్చకండి. ఆ ఫైల్ ప్రతి సెషన్ మొదట్లోనే కాంటెక్స్ట్‌లోకి, అంటే మోడల్ ఒకేసారి చూసే పాఠంలోకి, ఎక్కి కూర్చుంటుంది. అందులో 380 లైన్లు ఊకైతే అసలు గింజలున్న 20 లైన్ల మీద అసిస్టెంట్ దృష్టి నిలవదు. "నువ్వు ఇరవయ్యేళ్ల అనుభవమున్న ఇంజనీర్‌వి", "శుభ్రమైన కోడ్ రాయి" లాంటివి కొట్టేయండి. శుభ్రం అంటే ఏంటో దానికి దాని లెక్క ఉంది, మీ లెక్కేంటో ఆ వాక్యంలో లేదు. ఇంపోర్టుల వరస, లైన్ పొడవు, సింగిల్ కోట్సా డబుల్ కోట్సా అన్నవీ తీసేయండి. రఫ్ (Ruff) లాంటి, కోడ్ రూపాన్ని దిద్దే ఫార్మాటర్ క్షణంలో సరిచేసే వాటి గురించి మోడల్‌ని బతిమాలడం ఎందుకు?

కోడ్ చదివితే తెలియనివి మాత్రమే ఉంచండి. ఒక్క టెస్టు నడపడానికి సరైన కమాండ్ ఏది, మొత్తం టెస్టులకు ఎన్ని నిమిషాలు పడుతుంది (లేకపోతే ప్రతి చిన్న మార్పుకీ మొత్తం నడిపేస్తుంది), ఏ ఫోల్డర్ జనరేటెడ్ కోడ్ (టూల్ దానంతటదే పుట్టించేది, చేత్తో మార్చకూడనిది), ఏది త్వరలో తీసేయబోయే పాత కోడ్. ఈ చివరిది చాలామంది రాయరు. ఒకే పనికి ప్రాజెక్టులో రెండు పద్ధతులుంటే అసిస్టెంట్ తన కంట పడ్డదాన్ని అనుకరిస్తుంది. పాత పద్ధతి నలభై ఫైళ్లలో, కొత్తది మూడింటిలో ఉంటే ఏది ఎంచుకుంటుందో చెప్పక్కర్లేదు. "కొత్త క్వెరీలకు ఫలానా ఫైలే నమూనా" అని పేరు పెట్టి రాయండి. "వద్దు" అని రాసిన ప్రతిచోటా "దాని బదులు ఇది" అని కూడా ఉండాలి. "నడిచిన మైగ్రేషన్ ఫైల్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్ట్) మార్చకు" అని ఆపేస్తే సరిపోదు, "కొత్త మైగ్రేషన్ రాయి, నాట్ నల్ (ఖాళీగా ఉండకూడని) కాలమ్ అయితే ముందు ఖాళీ ఉండనిచ్చి చేర్చి, డేటా నింపి, తర్వాత నాట్ నల్‌గా బిగించు" అనాలి.

ఇక ఎక్కువ నష్టం చేసేది టెస్టుల వ్యవహారం. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

బిల్లులో మూడు వస్తువులు, ఒక్కోటి 10.10. డిస్కౌంట్ 5 శాతం. మీ నియమం ప్రకారం డిస్కౌంట్ మొత్తం మీద లెక్కగట్టాలి: 30.30లో 5 శాతం 1.515, రౌండ్ చేస్తే 1.52. టెస్టు కూడా 1.52నే అడుగుతోంది. అసిస్టెంట్‌కి ఆ ఫంక్షన్‌ని రీఫ్యాక్టర్ (ఫలితం మారకుండా కోడ్‌ని తిరగరాయడం) చేయమన్నారు. అది లూప్ తిప్పి ఒక్కో వస్తువుకీ విడిగా రౌండ్ చేసింది. 0.505 కాస్తా 0.51 అయింది, మూడింటికి 1.53. టెస్టు ఎర్రబడింది. "టెస్టులు పాసయ్యేలా చూడు" అన్నది మీ మాట. దానికి దగ్గరి దారి 1.52ని 1.53గా దిద్దడం. దిద్దేసి, "అంచనా విలువను కొత్త లాజిక్‌కి తగ్గట్టు అప్‌డేట్ చేశాను, అన్ని టెస్టులూ పాస్" అని రిపోర్ట్ ఇస్తుంది. అబద్ధమేమీ లేదు. రెండొందల లైన్ల డిఫ్‌లో (మార్పుల జాబితాలో) ఆ ఒక్క అంకె రివ్యూ చేసేవాళ్ల కంట పడదు.

ఇంకో మెలిక ఉంది. పైథాన్ డెసిమల్ మాడ్యూల్ డిఫాల్ట్ రౌండింగ్ హాఫ్ ఈవెన్: సరిగ్గా మధ్యలో ఉన్న విలువని సరి అంకె వైపు తోస్తుంది, హాఫ్ అప్ అయితే పైకే తోస్తుంది. రౌండింగ్ మోడ్ చెప్పకుండా వదిలేస్తే 0.505 అనేది 0.50 అవుతుంది. 1.515 మాత్రం హాఫ్ అప్ అయినా, హాఫ్ ఈవెన్ అయినా 1.52నే. అంటే మీ టెస్టు రౌండింగ్ మోడ్ మారినా పట్టుకోలేదు. ఒకే వస్తువున్న బిల్లుతో 0.51 రావాలని ఇంకో టెస్టు ఉంటేనే దొరుకుతుంది.

కాబట్టి ఫైల్‌లో రాయాల్సింది ఇంతే: "డిస్కౌంట్ మొత్తం మీద. రౌండింగ్ చివర్లో ఒక్కసారే, హాఫ్ అప్, మోడ్ కోడ్‌లో స్పష్టంగా ఉండాలి. ఉన్న టెస్టు ఫెయిలైతే టెస్టు ఫైల్ ముట్టుకోకు, రావాల్సిన విలువా వచ్చిన విలువా చూపించి ఆగు." టెస్టుని దాటవేసే స్కిప్ మార్కర్ పెట్టడం, అసర్ట్‌ని (టెస్టు అడిగే విలువ తనిఖీని) సడలించడం, ట్రై ఎక్సెప్ట్‌లో చుట్టి ఎర్రర్‌ని మింగేయడం కూడా ముట్టుకోవడం కిందికే వస్తాయని విడిగా రాయండి. లేకపోతే ఆ సందులోంచి దూరుతుంది.

రాసినంత మాత్రాన పాటిస్తుందన్న భరోసా లేదు. అది విన్నపమే, తాళం కాదు. జరగకూడనివి జరగకుండా చూసే పని వేరేవాటికి అప్పగించండి. టెస్టుల ఫోల్డర్‌లో మార్పులకి కోడ్ ఓనర్ (ఆ కోడ్‌కి బాధ్యుడిగా మీరు పెట్టిన మనిషి) అనుమతి తప్పనిసరి చేయండి. మెయిన్ బ్రాంచ్‌ని ప్రొటెక్ట్ చేస్తే, పాత చరిత్రని తుడిచి రాసే ఫోర్స్ పుష్ గొడవ దాని మీద ఉండదు. కమిట్‌కి ముందు నడిచే ప్రీ కమిట్ హుక్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, దాన్ని దాటవేసే నో వెరిఫై అనే ఫ్లాగ్ అసిస్టెంట్‌కి బాగా తెలుసు. అదే చెక్ సీఐలో (ప్రతి మార్పునీ సర్వర్‌లో తనిఖీ చేసే వ్యవస్థలో) కూడా నడవాలి. డేటాబేస్‌కి రీడ్ ఓన్లీ యూజర్ ఇవ్వండి. ప్రొడక్షన్ పాస్‌వర్డ్ ఉన్న మెషీన్ మీద దాన్ని నడుపుతూ "ప్రొడక్షన్ జోలికి వెళ్లకు" అని రాయడం దొంగ చేతికి తాళంచెవులిచ్చి నీతులు చెప్పడమే. పని మొదలుపెట్టే ముందు మీ మార్పులు కమిట్ చేసుకోండి. అసిస్టెంట్ గిట్ రీసెట్ హార్డ్ (మార్పులన్నీ చెరిపేసే కమాండ్) కొట్టిందంటే కమిట్ చేసిన పని గిట్ దాచుకునే రెఫ్‌లాగ్‌లో దొరుకుతుంది, కమిట్ చేయనిది దొరకదు.

కొత్త ప్యాకేజీ అయితే మనిషి అనుమతి లేకుండా చేరకూడదు. లేని లైబ్రరీ పేర్లని అసిస్టెంట్ నమ్మకంగా పుట్టిస్తుంది. అలాంటి పేర్లతోనే ముందుగా విషపు ప్యాకేజీ రిజిస్టర్ చేసి కూర్చునేవాళ్లూ ఉన్నారు.

అడగలేదు గానీ, పని అయ్యాక రూట్ ఫోల్డర్‌లో "సారాంశం" అంటూ ఓ మార్క్‌డౌన్ ఫైల్ పడేసే అలవాటు అసిస్టెంట్‌కి ఉంది చూశారూ, దానికీ ఒక లైన్ కేటాయించండి. కౌంటర్‌ని ఒకటి పెంచే లైన్ పైన "కౌంటర్‌ని ఒకటి పెంచుతున్నాం" అనే కామెంట్‌కి ఇంకో లైన్.

చాట్‌లో చెప్పిన నియమాల మీద ఆశ పెట్టుకోవద్దు. సెషన్ సాగేకొద్దీ పాత సంభాషణ కుదించుకుపోతుంది, మధ్యాహ్నం చెప్పింది సాయంత్రానికి ఉంటుందో ఉండదో. ఒకే తప్పు రెండోసారి జరిగితే ఫైల్‌లోకి ఎక్కించండి, ఒక్కసారికే వద్దు. ఏదైనా లైన్ పనిచేస్తోందా అని అనుమానమొస్తే దాన్ని తీసేసి అదే పని మళ్లీ చేయించి చూడండి. తేడా రాకపోతే అది అలంకారమే.

టీమ్‌లో తలా ఒక టూల్ వాడుతుంటే మాత్రం కాపీలు పెట్టకండి, నెలలో రెండూ రెండు దారులు పడతాయి. అసలు నియమాలు ఏజెంట్స్ డాట్ ఎండీ (AGENTS.md) అనే ఒక్క ఫైల్‌లో ఉంచండి. క్లాడ్ కోడ్ వాడేవాళ్లు దాని రూల్స్ ఫైల్ క్లాడ్ డాట్ ఎండీ (CLAUDE.md)లో ఎట్ గుర్తు (@) పెట్టి, పక్కనే ఆ ఫైల్ పేరు రాస్తే చాలు, అందులోంచే లాక్కుంటుంది.